కొరియన్ పాఠానికి తెలుగు తాళంచెవి

ఛత్తీస్‌గఢ్ హైకోర్టు కొలువున్న మా బోద్రీకి బిలాస్‌పూర్ రైల్వే కాలనీలు ఎంతో దూరం లేవు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజులనుండి ఉపాధి నిమిత్తం వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. అటువంటి ఒక కుటుంబం మా పొరుగున ఉన్నది. వారి అమ్మాయి పన్నెండవ తరగతి విద్యార్థిని. చదువు హిందీ, ఇంగ్లీషులలో. తెలుగు కేవలం నాయనమ్మతో మాట్లాడేందుకు. తెలుగు అక్షరాలు రావు.

కొరియన్ సీరియళ్ళు చూసి ఆ అమ్మాయికి ఆ భాషపై మక్కువ కలిగింది. సెజోంగ్ రాజు 1446లో ప్రకటించిన హంగుల్ లిపి త్వరగానే పట్టుబడింది. వ్యాకరణం వద్ద బండి ఆగిపోయింది. చాట్‌బాట్‌ను ఎన్నిసార్లు అడిగినా బోధపడక, ఒకనాటి సాయంత్రం ఫోనుతో మా ఇంటికి వచ్చింది.

“అంకుల్, ఇంగ్లీషులో ‘విచ్’ ఉంది, హిందీలో ‘జో’ ఉంది. కొరియన్‌లో ఆ మాటే కనబడటం లేదు” అన్నది.

ఆ వాక్యఖండం “నేగా ఇల్గున్ చేక్”. “దీనిని మీ నాయనమ్మకు ఎలా చెబుతావు?” అని అడిగాను.

“నేను చదివిన పుస్తకం” అని, క్షణం ఆగి, “ఇందులోనూ లేదే!” అన్నది.

విషయమంతా అక్కడే ఉన్నది. “చదివిన” అనే క్రియాజన్య విశేషణం వలెనే “ఇల్గున్” కూడా నామవాచకానికి ముందు నిలుస్తుంది. “ఇంగ్నున్ చేక్” అంటే చదువుతున్న పుస్తకం. “ఇల్గుల్ చేక్” అంటే చదవబోయే పుస్తకం. రెండు భాషలలోనూ క్రియ వాక్యాంతంలో వస్తుంది. ప్రత్యయాలు పదాల చివర చేరుతాయి. ఇంతమాత్రాన ఇవి అక్కచెల్లెళ్ళ భాషలని భావించరాదు. భాషావేత్తలు అట్టి బంధుత్వాన్ని అంగీకరించలేదు. అయినా నేర్చుకొనేవారికి ఈ పోలిక మంచి ఆధారం.

ఆ రాత్రి అమ్మాయి చాట్‌బాట్‌ను తెలుగులోనే, నోటితో అడిగింది: “తెలుగు వాక్యాలతో పోల్చి చెప్పు.” వివరణ తేలికగా అర్థమైంది.

అయితే ఒక హెచ్చరిక. ఈ యంత్రం వ్యాకరణ గ్రంథం తెరచి చూసి జవాబివ్వదు. తాను నేర్చిన అపారమైన రచనల ఆధారంగా తరువాత రాదగిన మాటను అంచనా వేస్తుంది. అందువల్ల తప్పును కూడా ఒప్పు చెప్పినంత ధీమాగా చెప్పగలదు. మేము సరియైన వాక్యమొకటి ఇచ్చి “ఇది తప్పు కదా?” అంటే అవునన్నది; “ఒప్పే కదా?” అంటే దానికీ అవునన్నది! సందేహాస్పదంగా కనబడిన సిగ్నల్‌ను భద్రత వైపునకే అర్థం చేసుకోవడం రైల్వేలో నియమం. ఇక్కడా అంతే, సందేహం కలిగితే ఆగి, పాఠ్యపుస్తకంతో సరిచూసుకోవాలి.

మన పిల్లలకు నేను సూచించే పద్ధతి ఇది. ముందుగా వాక్యం స్వయంగా రాయాలి. జవాబు చెప్పకుండా తప్పు ఎక్కడ ఉన్నదో మాత్రమే చూపమని అడగాలి. తాము దిద్దుకున్న తరువాతనే వివరణ కోరాలి. యంత్రంచేత రాయించుకొంటే చదువు యంత్రానిదే అవుతుంది.

ఇప్పుడు ఆ అమ్మాయి రోజూ నాయనమ్మ మాటలలోనుండి ఐదు వాక్యాలు ఎంచుకొని కొరియన్‌లోకి మారుస్తున్నది. మొన్న ఆదివారం వచ్చి, “అంకుల్, తెలుగు అక్షరాలు నేర్పుతారా?” అని అడిగింది. పలక కొని ఉంచాను.