కొర్ర వివేకం



ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురిసే మా అనంతపురం మెట్టచేలో వరి నాటరు. ఉన్న తడికి తగిన కొర్ర విత్తుతారు. ల్యాప్‌టాప్ కొనేటప్పుడు మాత్రం ఆ వివేకాన్ని మరచి, వేగమొక్కటే అడుగుతున్నాము.

పలుచని యంత్రాలకై ఇంటెల్ చేసిన యు తరగతి ప్రాసెసర్లు చాలాకాలం 15 వాట్లకూ, బరువు పనులకైన హెచ్ తరగతివి 45 వాట్లకూ రూపొందాయి. పొదుపు కిటుకు వోల్టేజిలో ఉంది: అది సగమైతే, ప్రాసెసరు పని చేయడానికి పట్టే విద్యుత్తు దాదాపు నాలుగో వంతవుతుంది.

నా పాత యంత్రం ఫ్యాను ఎర్రదుమ్ముతో పూడి, ఒక వేసవి మధ్యాహ్నం వ్యాసం నడుమనే ఆగిపోయింది, రాసినదంతా పోయింది. 2020 నాటి ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్‌కు అసలు ఫ్యానే లేదు!

వీడియోలు కూర్చేవారి సంగతి వేరు. పద్యం రాసుకొనే మనకు 45 వాట్లేల? దుకాణంలో ముందుగా వాట్లెన్నని అడుగుదాము.