ధర్మం రాసిచ్చారు సరే.. లబ్ధిదారుకు వకీలేడీ?

చెన్నై రాయపురం వైపు పాతవాళ్లకు మణిగార్ సత్రం తెలియంది కాదు. 1782 నాటి కరువులో ఆకలితో వచ్చినవాళ్లకు గంజి పోయడానికి మొదలైన ధర్మమది. వెంకటగిరి రాజావారి సత్రం కూడా తర్వాత దానికి తోడైంది. నెల్లూరు సీమ జమీందారు సొమ్ము మద్రాసు పేదల కంచంలో అన్నమైంది. ఆ సత్రం దగ్గర పుట్టిన వైద్యశాలే పెరిగి పెద్దదై స్టాన్లీ ఆస్పత్రి అయింది.

ఇలా సత్రాలకు, బడులకు, అన్నదానాలకు ఆస్తులు రాసిచ్చిన తెలుగువాళ్లు ఉత్తర చెన్నైలో ఎందరో. దాతలు పోయారు, పత్రాలు మిగిలాయి. ధర్మకర్తలు సక్రమంగా నడిపితే సరే. లేకపోతే? దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టే ఉంటుంది. అప్పుడు అడగాల్సింది ఎవరు? ఆ అన్నం తినాల్సినవాళ్లు, ఆ బడిలో చదవాల్సినవాళ్లు.

చట్టం వారికి దారి చూపింది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద, ధర్మంతో సంబంధమున్న ఇద్దరు కలిసి కోర్టు అనుమతితో దావా వేయొచ్చు. లెక్కలు చెప్పించమని, ధర్మకర్తను తొలగించమని, నిర్వహణకు కొత్త పథకం రాయమని కోరొచ్చు. ఒకప్పుడు దీనికి అడ్వొకేట్ జనరల్ సమ్మతి కావాల్సి వచ్చేది. 1976 సవరణతో కోర్టు అనుమతి చాలంది.

సుప్రీంకోర్టు మరో అడుగు ముందుకేసింది. తమిళనాడులోని వెంకటరాయులు నాయుడు చారిటీస్ కేసులో, ట్రస్టు ఆస్తి అమ్మకాన్ని ప్రశ్నించిన లబ్ధిదారులను మీకు ఆ హక్కు లేదంటూ కింది కోర్టులు వెనక్కి పంపాయి. ఇలాంటి దావా అందరి తరఫునా నడిచేదేనని, దావాలో పేరు లేని లబ్ధిదారు కూడా అడగొచ్చని 1989లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ అమ్మకాన్ని రద్దు చేసి బహిరంగ వేలం వేయమంది. అంతకుముందు 1986లో, ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులో 80 లక్షలు పలికే ధర్మభూమిని ప్రైవేటు బేరంలో 20 లక్షలకే ఇవ్వడాన్ని తప్పుపట్టింది.

హక్కుంది, తీర్పుంది. లేనిదల్లా వకీలు. ధర్మకర్తల కోర్టు ఖర్చు చాలాసార్లు ట్రస్టు నిధిలోంచే పోతుంది. అడిగే ముసలాయన మాత్రం సొంత జేబు తడుముకోవాలి. అంటే ఆయన కోసం రాసిపెట్టిన సొమ్ముతోనే ఆయన మీద వాదన నడుస్తుంది! ఇదేం న్యాయం?

మార్గాలు లేకపోలేదు. 1987 న్యాయ సేవల చట్టం కింద మహిళలకు, పిల్లలకు, వికలాంగులకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత వకీలు దొరుకుతాడు. మిగతా పేదలకు ఆదాయ పరిమితి ఉంది. అయితే ఈ సాయం ట్రస్టు దావాలకూ అడగొచ్చని ఎంతమందికి తెలుసు? న్యాయ సేవల కమిటీలే సత్రాల దాకా వచ్చి చెప్పాలి. దావాకు అనుమతిచ్చేటప్పుడే లబ్ధిదారుల తరఫున ఒక వకీలును పెట్టి, ఆ ఖర్చు ట్రస్టు నిధి మీద వేయడం కోర్టులు అలవాటు చేసుకోవాలి. నోటీసు తమిళంతోపాటు తెలుగులోనూ సత్రం గోడ మీద అంటించాలి.

జనమూ ఊరికే కూర్చోకూడదు. స్థిరాస్తి రాసిచ్చిన రిజిస్టరు పత్రం నకలు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఫీజు కడితే ఎవరికైనా ఇస్తారు. ముందు అది తెచ్చుకుని, దాత ఎవరికోసం ఏం రాశాడో చదవాలి. అడగడానికి ఇద్దరు చాలు. ఆ ఇద్దరి పక్కన నిలబడే వకీలును చూపించడం మాత్రం సర్కారు పని, కోర్టు పని.