ఇక్కడ గీటురాయి బంగారమే

మందుల షాపులో దొరికే ప్రెగ్నెన్సీ టెస్ట్ స్ట్రిప్ మీద తేలే ఎర్ర గీత చాలావరకు బంగారమే. కంటికి కనిపించనంత చిన్న బంగారు రేణువులు గుమిగూడితే పచ్చగా కాదు, ఎర్రగా కనిపిస్తాయి. వాటికి అంటించిన యాంటీబాడీలు మూత్రంలోని హెచ్‌సీజీ హార్మోన్‌ను పట్టుకుంటాయి. విశేషమేమిటంటే ఈ హార్మోన్ గర్భిణులకే పరిమితం కాదు. కొన్ని రకాల వృషణాల క్యాన్సర్ కూడా దాన్ని విడుదల చేస్తుంది. ఆ జబ్బున్న మగవారు పరీక్షించుకుంటే రెండో గీత కనిపించే అవకాశం ఉంది. అలాగని ఆ స్ట్రిప్‌ను క్యాన్సర్ పరీక్షగా నమ్ముకోకూడదు. గీత రానంత మాత్రాన జబ్బు లేదని కాదు.

ఒక్క పదార్థాన్ని పసిగట్టే ఈ పద్ధతినే మరింత పదును పెట్టి, రక్తపు చుక్కలో క్యాన్సర్ జాడ తీయాలన్నది కాంతి ఆధారిత బయోసెన్సర్ల లక్ష్యం.

సూత్రం కొత్తదేమీ కాదు. బంగారు రేణువులు కలిసిన ద్రవం కెంపు రంగులో మెరవడాన్ని మైకేల్ ఫారడే 1857లోనే వివరించారు. కాంతి తగలగానే లోహం ఉపరితలం మీది ఎలక్ట్రాన్లు అన్నీ ఒకే లయలో ఊగుతాయి. గాజు మీద సుమారు 50 నానోమీటర్ల మందాన బంగారు పూత వేసి, ఒక నిర్దిష్ట కోణంలో కాంతిని పంపితే ఆ ఎలక్ట్రాన్లు దాన్ని మింగేస్తాయి. వెనక్కి వచ్చే వెలుగు మసకబారుతుంది. పూత మీద నిలిపిన యాంటీబాడీకి క్యాన్సర్ ప్రోటీన్ వచ్చి అతుక్కుంటే ఆ కోణం కొద్దిగా జరుగుతుంది. ఆ జరుగుడును కొలిస్తే చాలు, రంగులూ రసాయనాలూ అక్కర్లేదు. స్వీడన్‌లోని లిన్‌షోపింగ్ శాస్త్రవేత్తలు 1983లో ఈ పద్ధతిని సెన్సర్‌గా వాడి చూపారు. 1990లో బయాకోర్ యంత్రం మార్కెట్లోకి వచ్చింది.

రెండో దారికి పునాది మన దేశంలోనే పడింది. 1928లో కోల్‌కతాలో సి.వి. రామన్ కనుగొన్న ప్రభావం ప్రకారం, అణువును తాకి చెదిరిన కాంతిలో కొంత రంగు మారుతుంది. ఆ మార్పు ఒక్కో అణువుకు ఒక్కోలా ఉంటుంది, వేలిముద్రలాగా. కాకపోతే ఆ సంకేతం మరీ బలహీనం. గరుకైన వెండి ఉపరితలం మీద అది అసాధారణంగా బలపడుతుందని 1970లలో తేలింది. అప్పటి నుంచే రామన్ ప్రభావంతో జబ్బుల జాడ తీయడం మీద ఆశలు మొలకెత్తాయి.

మరి ఇంతకాలమైనా ఆస్పత్రుల్లో ఈ సెన్సర్లు ఎందుకు వెల్లువెత్తలేదు? మొదటి చిక్కు రక్తమే. ఒక మిల్లీలీటరు రక్తద్రవంలో దాదాపు 70 మిల్లీగ్రాముల ప్రోటీన్లుంటాయి. ప్రోస్టేట్ క్యాన్సర్‌ను అనుమానించడానికి వైద్యులు ఎన్నో ఏళ్లు గీటుగా పెట్టుకున్న పీఎస్‌ఏ స్థాయి అదే మిల్లీలీటరులో 4 నానోగ్రాములు. అంటే కోటీ 70 లక్షలకు పైగా పాళ్లలో ఒక పాలు. మిగతా ప్రోటీన్లు కూడా బంగారం మీద పేరుకుంటే సెన్సర్ వాటినీ లెక్కలో వేసుకుంటుంది. ల్యాబ్‌లో శుభ్రమైన ద్రవంలో గెలిచిన పరికరం అసలు రక్తం ముందు తడబడేది అందుకే.

రెండో చిక్కు ఇంకా పెద్దది. తప్పు సెన్సర్‌ది కాకపోవచ్చు, మార్కర్‌దే కావచ్చు. అండాశయ క్యాన్సర్‌లో పెరిగే సీఏ-125 నెలసరి సమయంలోనూ, ఎండోమెట్రియోసిస్‌లోనూ పెరుగుతుంది. బ్రిటన్‌లో 2 లక్షల మందికి పైగా మహిళలను ఏళ్ల తరబడి పరిశీలించిన అధ్యయనం ఫలితాలు 2021లో వచ్చాయి. ఏటా రక్తంలో ఈ మార్కర్‌ను పరీక్షించిన వారిలో తొలి దశ కేసులు ఎక్కువగానే బయటపడ్డాయి. కానీ మరణాలు మాత్రం తగ్గలేదు. ముందుగా కనుక్కోవడం వేరు, ప్రాణం కాపాడడం వేరని ఆ ఫలితాలు తేల్చాయి.

లెక్క కూడా కలిసిరాదు. లక్ష మందిలో 40 మందికి జబ్బు ఉందనుకుందాం. పరీక్ష 99 శాతం కచ్చితమైనదే అనుకుందాం. రోగులు దాదాపు అందరూ దొరుకుతారు. వాళ్లతోపాటు జబ్బు లేని మరో వెయ్యి మందికి కూడా ఉందనే చెబుతుంది. అంటే కబురు అందిన 26 మందిలో నిజంగా రోగి ఒక్కరే. మిగతా 25 మందికీ స్కానింగ్‌లు, బయాప్సీలు, అప్పులు, నిద్రలేని రాత్రులు.

అలాగని ఈ శ్రమ వృథా కాదు. జబ్బు ఉందని ముందే తెలిసినవారి విషయంలో లెక్క తిరగబడుతుంది. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక సీఈఏ స్థాయిని గమనిస్తూ జబ్బు తిరగబెట్టిందేమో చూడడం వైద్యులకు అలవాటే. ఆ పరీక్ష కోసం జిల్లా దాటి నగరానికి రావలసిన రోగికి, ఊళ్లోనే ఫలితం చెప్పే చౌక సెన్సర్ ఎంతో మేలు.

2022 అంచనాల ప్రకారం ఆ ఒక్క ఏడాదే మన దేశంలో కొత్తగా 14 లక్షల మంది క్యాన్సర్ బారిన పడ్డారు, 9 లక్షలకు పైగా మరణించారు. ఇక్కడ ఏ పరికరమైనా ఒక పాత ప్రయోగంతో పోటీ పడాలి. ముంబై మురికివాడల్లో లక్షన్నర మంది మహిళలతో టాటా మెమోరియల్ ఆస్పత్రి జరిపిన అధ్యయనంలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు వాడింది వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం, ఒక దీపం, తమ కళ్లు. ఆమ్లం తగిలి తెల్లబడిన చోటును వెలుగులో గుర్తించడమే పరీక్ష. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయని 2013లో తేలింది.

బంగారు పూత సెన్సర్‌కూ పెట్టవలసిన పరీక్ష అదే. ఎన్ని నానోగ్రాములు కనిపెట్టిందన్నది కాదు, ఎన్ని మరణాలు తగ్గించిందన్నది.