ఆఫీసు పెట్టెలో ఆటల సరదా

మొన్న సెలవులకు మైపాడు దగ్గరున్న అక్కావాళ్లింటికి వెళ్తే, చెప్పులైనా విప్పనివ్వకుండా మేనల్లుడు గదిలోకి లాక్కెళ్లాడు. బల్ల మీద నల్లటి సన్న సీపీయూ. ఎవరిదో రొయ్యల మేత ఆఫీసులో పాతవి అమ్మేస్తుంటే బావ ఆరు వేలకు తెచ్చాడట.

‘మామా, దీంట్లో జీటీఏ ఫైవ్ ఆడాలంటే ఏం చెయ్యాల?’

వెనక నుంచి అక్క గొంతు. ‘ఏం చేసినా అయిదు వేలు దాటకూడదు అబ్బయా. వాడి కాలేజీ ఫీజు ఇంకా కట్టలా.’

ఇద్దరికీ సరేనన్నాను!

డెల్ ఆప్టిప్లెక్స్, ఆరో తరం ఐ5, ఎనిమిది జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్కు. లెక్కలు రాసుకోవడానికి కొన్నా ప్రాసెసర్ మాత్రం గట్టిదే. మరి గ్రాఫిక్స్ కార్డు వేసేస్తే పోలా? అక్కడే ఉంది చిక్కు. సన్న క్యాబినెట్లో పొట్టి కార్డులే పడతాయి. పవర్ సప్లయ్ నుంచి కార్డుకు వేరే వైరు రాదు. దాన్ని మారుద్దామంటే డెల్ కనెక్టర్ల తీరే వేరు, బజారులో దొరికే మామూలుది అతకదు. కార్డు పెట్టే స్లాటు ఇచ్చేది 75 వాట్లే. అందులో సర్దుకునే జీటీఎక్స్ 1650లో పొట్టి రకాలున్నాయి కానీ, పొట్టివని ధర తగ్గదు. ఇవన్నీ తెలియని రోజుల్లో నేను మద్రాసు రిచీ స్ట్రీట్లో చౌకగా వస్తోందని రెండు ఫ్యాన్ల కార్డు కొన్నా. ఇప్పటికీ మా బీరువా మీద భద్రంగా ఉంది.

అసలు రోగం మూత తీశాక కనిపించింది. స్క్రూలకు తుప్పు, ర్యామ్ అంచులు నల్లబడి ఉన్నాయి. సముద్రం పక్కన ఉప్పుగాలి బీరువా తాళాలనే వదలదు, దీన్ని వదులుతుందా? నడుస్తూ నడుస్తూ ఆగిపోతోందంటే బావ ‘మోసపోయాం’ అనుకున్నాడట. ప్లగ్గు పీకేసి, బ్రష్షుతో దుమ్ము దులిపి, ర్యామ్ అంచుల్ని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్టు తీసి కొత్తది రాశాం. మళ్లీ ఆగలేదు. పెట్టెను కిటికీ దగ్గర్నుంచి లోపలి గోడ పక్కకు జరిపాం.

మిగతా డబ్బంతా ఎస్ఎస్‌డీకి, ఇంకో ఎనిమిది జీబీ ర్యామ్‌కి. ఎస్ఎస్‌డీతో ఆట త్వరగా తెరుచుకుంటుందే తప్ప బొమ్మ వేగం పెరగదు. ఆ పని చేసేది రెండో ర్యామ్. కార్డు లేని కంప్యూటర్ బొమ్మల కోసం ర్యామ్‌నే వాడుకుంటుంది మరి, జంటగా ఉంటే దారి వెడల్పవుతుంది. 2025 చివర్నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ర్యామ్ ధరలు మండిపోయాయి, అందుకే సెకండ్ హ్యాండ్‌దే తెచ్చాం.

మీరు ఇప్పుడు కొనబోతుంటే మాత్రం ఎనిమిదో తరం నుంచే చూడండి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 జాబితాలో ఆరో తరం లేదు. ఎలాగోలా ఎక్కించినా, అందులో వాలరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ రెండూ ఉండాల్సిందే. మావాడికి ఈ సంగతి చెబితే మొహం చిన్నబుచ్చుకున్నాడు.

సాయంత్రానికి జీటీఏ తెరుచుకుంది. 720పీ, అన్ని సెట్టింగులూ అడుగున. చెట్లు అట్టముక్కల్లా ఉన్నా కార్లు బానే పరిగెత్తాయి. ‘కార్డు నేనే డబ్బులు దాచుకుని కొంటాలే మామా’ అన్నాడు.

రాత్రి పదకొండింటికి అక్క మెయిన్ స్విచ్ ఆపేసింది. యూపీఎస్ సంగతి మర్చిపోయామని అప్పుడు గుర్తొచ్చింది.