పొలం తాకట్టు ఇక్కడ, నిబంధన మార్పు అక్కడ

బ్యాంకు ఉద్యోగాల కోచింగ్‌లో నంద్యాలకు ఉన్న పేరు రాష్ట్రమంతటా తెలిసిందే. ఎక్కడెక్కడి జిల్లాల నుంచో వచ్చిన పిల్లలు ఇక్కడి హాస్టళ్లలో ఉంటూ నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తుంటారు. అది పడిన రోజే ప్రతి వాక్యమూ చదివేస్తారు. వయోపరిమితి ఎంత, ప్రిలిమ్స్ ఏ తేదీన, నెగెటివ్ మార్కులు ఎన్ని, ఏది అడిగినా ఠక్కున చెప్పేస్తారు. అదే ఊళ్లో ఎంఎస్ కోసం అమెరికా బయల్దేరే పిల్లవాడికి మాత్రం తన భవిష్యత్తును తేల్చే నిబంధనలు కన్సల్టెన్సీ వాళ్లు చెప్పినంత మేరకే తెలుస్తాయి. ముప్పై, నలభై లక్షలు పెట్టేచోట చెప్పుడు మాటే ఆధారం కావడం చాలా ప్రమాదకరం.

2025 మే 27న అమెరికా ప్రభుత్వం విద్యార్థి వీసాలకు కొత్త ఇంటర్వ్యూ స్లాట్లు ఇవ్వడం ఆపేసింది. ఆగస్టు సెమిస్టర్‌కు యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం చేతికొచ్చి, లోను మంజూరై, హైదరాబాద్ కాన్సులేట్‌లో స్లాట్ దొరుకుతుందేమోనని పిల్లలు అర్ధరాత్రి దాకా కంప్యూటర్ ముందు కూర్చునే రోజులవి. జూన్ 18న మళ్లీ మొదలుపెడుతున్నామని ప్రకటించారు. ఈసారి దరఖాస్తుదారులు తమ సోషల్ మీడియా ఖాతాలను ఎవరైనా చూడగలిగేలా తెరిచి ఉంచాలన్న షరతు వచ్చి చేరింది. సెప్టెంబరులో ఇంకో మాట: సొంత దేశంలోనో, నివాసముంటున్న దేశంలోనో తప్ప వేరేచోట ఇంటర్వ్యూకు వెళ్లవద్దని. ఆ ఏడాది ఆగస్టులో భారత్ నుంచి అమెరికా చేరిన విద్యార్థుల సంఖ్య, అంతకు ముందు ఆగస్టుతో పోలిస్తే దాదాపు 45 శాతం పడిపోయింది. 2023-24లో 3,31,602 మందితో చైనాను దాటి మొదటి స్థానానికి వచ్చిన దేశం మనది. ఆ సంఖ్యలో తెలుగువాళ్ల వాటా చిన్నది కాదు.

తన గడప ఎవరు దాటాలో నిర్ణయించుకునే హక్కు ప్రతి దేశానికీ ఉంది. దాన్ని ఎవరూ కాదనరు. కానీ సగం దారిలో ఉన్నవాళ్ల మీద కొత్త షరతు పడితే, ఆ నష్టం ఎవరి నెత్తిన పడుతోంది? విద్యార్థిగా నమోదుకు ముందుగానే కట్టిన సెవిస్ ఫీజు, 350 డాలర్లు, విద్యార్థిది. వీసా దరఖాస్తు ఫీజు 185 డాలర్లూ అతనిదే. వీసా నిరాకరిస్తూ 214బీ స్లిప్పు చేతిలో పెట్టి పంపేసినా ఆ డబ్బు తిరిగిరాదు. ఇక లోనుకు హామీగా పెట్టిన కాగితాలు తండ్రివి.

ఆళ్లగడ్డ ప్రాంతంలోని ఒక రైతు కుటుంబం అనుకుని లెక్క వేద్దాం. బ్యాంకులో 11 శాతం వడ్డీకి 30 లక్షల లోను, బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన 10 లక్షలు. బ్యాంకు వడ్డీ నెలకు 27,500. బయటి వడ్డీ 20,000. అసలు జోలికి పోకుండానే నెలకు 47,500 రూపాయలు. చదువు పూర్తయ్యాక మరో ఏడాది వరకు బ్యాంకు వాయిదాలు అడగకపోవచ్చు, వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. బయట అప్పిచ్చినవాడు ఆ ఏడాది కూడా ఆగడు. దీనికి తోడు రూపాయి బలహీనత. 2025 డిసెంబరులో డాలరు 90 రూపాయలు దాటింది. ఏడాదికి 25 వేల డాలర్లు పంపాల్సిన ఇంటికి, డాలరు 85 దగ్గర ఉన్నప్పటికన్నా లక్షా పాతిక వేలు అదనపు భారం. ఏ పంట ఈ తేడాను పూడుస్తుంది?

ఇంత అప్పు చేయడానికి ధైర్యమిచ్చింది డిగ్రీ ఒక్కటే అనుకుంటే పొరపాటు. రెండేళ్లు చదువు, ఆ తర్వాత ఓపీటీ కింద ఏడాది ఉద్యోగం, సైన్సు, ఇంజినీరింగ్ వాళ్లకు మరో రెండేళ్ల పొడిగింపు, ఈలోగా ఉద్యోగ వీసా హెచ్-1బీ లాటరీలో మూడు సార్లు అదృష్ట పరీక్ష. ఇదీ ఏళ్లుగా మన ఇళ్లలో నడిచిన లెక్క. అప్పు తీరేది ఓపీటీ జీతంతోనే. ఆ మెట్లన్నీ ఇప్పుడు ఒక్కొక్కటిగా కదులుతున్నాయి. మొదటి ఏడాది ఓపీటీలో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులకు మించి ఉండకూడదన్నది పాత నిబంధనే, కానీ ఐటీలో కొత్తవాళ్లను తీసుకోవడం తగ్గిన కాలంలో ఆ 90 రోజులు చాలా చిన్న గడువు. చదువు సాగినంతకాలం ఉండొచ్చన్న పద్ధతిని తీసేసి నాలుగేళ్ల పరిమితి పెట్టాలని, కోర్సు అయ్యాక ఇచ్చే 60 రోజుల గడువును 30కి తగ్గించాలని 2025 ఆగస్టు చివర్లో అక్కడి ప్రభుత్వం ప్రతిపాదించింది. హెచ్-1బీ ఎంపికలో ఎక్కువ జీతం వాళ్లకు ఎక్కువ అవకాశాలిచ్చే పద్ధతి వచ్చింది. అప్పుడే చదువు ముగించిన కుర్రాడు సహజంగానే వెనకపడతాడు.

ఇక్కడే సరైన సమాచారం విలువ తెలుస్తుంది. 2025 సెప్టెంబరు 19న కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలన్న ప్రకటన రాగానే విద్యార్థుల తల్లిదండ్రులు హడలిపోయారు. నెల తర్వాత, అక్టోబరు 20న, అమెరికాలోనే ఉండి విద్యార్థి వీసా నుంచి హెచ్-1బీకి మారేవారికి అది వర్తించదని అక్కడి ఇమిగ్రేషన్ శాఖ స్పష్టం చేసింది. మొదటి వార్త ప్రతి ఇంటికీ చేరింది. రెండో వార్త ఎంతమందికి చేరింది?

అమెరికా కుదరకపోతే వేరే దేశం అంటారు. అక్కడా నిబంధనలు నిలకడగా లేవు. బ్రిటన్ 2024 జనవరి నుంచి పరిశోధన కోర్సులు మినహా మిగిలిన వాటిలో చేరేవారు కుటుంబాన్ని తీసుకెళ్లకుండా ఆపింది. 2027 జనవరి నుంచి పీజీ వరకు చదివినవారు చదువు తర్వాత ఉండే గడువును రెండేళ్ల నుంచి 18 నెలలకు తగ్గిస్తోంది. కెనడా ఖాతాలో చూపించాల్సిన డబ్బును 10 వేల కెనడా డాలర్ల నుంచి 20,635కు, ఆ తర్వాత 22,895కు పెంచింది. ఆస్ట్రేలియా వీసా ఫీజు ఏడాది తేడాలో 710 నుంచి 1,600కు, అక్కడి నుంచి 2,000 ఆస్ట్రేలియా డాలర్లకు చేరింది. ఫీజుల్లేని చదువని చెప్పే జర్మనీకి వెళ్లాలన్నా ముందుగా 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో ఉంచాలి.

మార్పులు పరాయి ప్రభుత్వాల నుంచే వస్తాయనుకోనక్కర్లేదు. 2021 నవంబరులో మన జాతీయ వైద్య కమిషన్ విదేశీ ఎంబీబీఎస్‌కు కనీసం 54 నెలల చదువు, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉండాలని నిబంధన పెట్టింది. ఫిలిప్పీన్స్‌లో ముందు బీఎస్, తర్వాత ఎండీ చదివే పద్ధతి దాంతో చిక్కుల్లో పడింది. ఆ దేశాన్ని నమ్ముకున్న తెలుగు పిల్లలు కళ్లెదుటే దారి మూసుకుపోవడం చూశారు.

తెలియనితనానికి మన పిల్లలు చెల్లించిన మూల్యం చిన్నది కాదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు అందులోని విద్యార్థుల్లో అత్యధికులు భారతీయులు, వారిలో పెద్ద సంఖ్యలో తెలుగువాళ్లు. కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు కట్టిన ఫొటోలు చూసి ఎందరో తల్లులు ఏడ్చారు. ఆ సంస్థ యజమానికి 2014లో 16 ఏళ్లకు పైగా జైలుశిక్ష పడింది. 2019లో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అసలు విశ్వవిద్యాలయమే కాదని, అధికారులే పన్నిన వల అని బయటపడింది. విద్యార్థులను చేర్పించిన ఎనిమిది మందిపై కేసులు పెట్టారు. మొదట అరెస్టయిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు. 2023 ఆగస్టులో ఒక్కరోజులోనే అట్లాంటా, షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయాల నుంచి 21 మంది విద్యార్థులను వెనక్కి పంపారు. వారిలోనూ తెలుగువాళ్లు ఉన్నారు. అలాంటి ప్రతిసారీ మనవాళ్లు నాలుగు రోజులు బాధపడ్డారు, ఆ తర్వాత అడ్మిషన్ల సీజన్ మొదలైంది.

కువైట్‌కు ఇంటిపనికి మనిషిని పంపే ఏజెంటు 1983 నాటి వలస చట్టం కింద రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. రాయలసీమలో ఈ సంగతి తెలియనివారు తక్కువ. విద్యార్థిని నలభై లక్షల అప్పుతో విమానం ఎక్కించే కన్సల్టెన్సీకి ఆ చట్టం వర్తించదు. గది అద్దెకు తీసుకుని బోర్డు పెడితే చాలు. విద్యార్థి చేరితే యూనివర్సిటీ నుంచి కమీషన్ అందే వ్యాపారంలో, ‘ఈ ఏడాది ఆగు బాబూ’ అనే సలహా ఎవరిస్తారు? బ్యాంకు ఖాతాలో నాలుగు రోజులు డబ్బు చూపించి తీసేసే ఏర్పాట్లు చేసేవారూ ఈ వ్యాపారంలోనే ఉన్నారు. ఆ మోసం బయటపడితే రద్దయ్యేది కుర్రాడి వీసా. కన్సల్టెన్సీ తలుపు మర్నాడు కూడా తెరిచే ఉంటుంది.

పంజాబ్ ఈ దెబ్బ మనకన్నా ముందే తిన్నది. 2012లో చట్టం తెచ్చి, 2014లో దాన్ని విస్తరించి, వీసా కన్సల్టెంట్లు, ఐఈఎల్‌టీఎస్ కోచింగ్ సెంటర్లు జిల్లా యంత్రాంగం దగ్గర లైసెన్సు తీసుకోవడం తప్పనిసరి చేసింది. దాంతో అక్కడ మోసాలు ఆగిపోలేదు, నిజమే. కానీ లైసెన్సు లేనివాడిపై కేసు పెట్టడానికి ఒక ఆధారం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ అలాంటి చట్టం రావాలి. యూనివర్సిటీ నుంచి అందే కమీషన్ ఎంతో విద్యార్థికి రాతపూర్వకంగా చెప్పడం అందులో తప్పనిసరి షరతు కావాలి.

చట్టం వచ్చేలోగా చేయగలిగినవీ ఉన్నాయి. నంద్యాల 2022 ఏప్రిల్ 4న సొంత కలెక్టరేట్ ఉన్న జిల్లా కేంద్రమైంది. ప్రవాస తెలుగువారి కోసం రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఏపీఎన్‌ఆర్‌టీ ఉంది. దాని సిబ్బంది ఒకరు వారానికి రెండు రోజులు నంద్యాలలో, ఒక రోజు ఆళ్లగడ్డలో కూర్చుని, ఏ దేశంలో ఏ నిబంధన ఎప్పటి నుంచి మారిందో తెలుగులో చెబితే పెద్ద ఖర్చేమీ కాదు. ఇంజినీరింగ్ కాలేజీలు ప్లేస్‌మెంట్ సెల్‌కు ఇచ్చే శ్రద్ధలో కొంత దీనికీ ఇవ్వాలి. బ్యాంకు మేనేజర్లు లోను మంజూరు చేసే రోజున ఒక ప్రశ్న తండ్రిని, బిడ్డను కలిపి కూర్చోబెట్టి అడగాలి: వీసా పోయి పిల్లవాడు ఇంటికి తిరిగొస్తే, ఇక్కడ దొరికే జీతంతో ఈ అప్పు తీరుతుందా? తీరదంటే లోను మొత్తం తగ్గించాలి, లేదా తక్కువ ఫీజున్న యూనివర్సిటీ చూసుకోమనాలి. ఆ మాట చెప్పాల్సింది వచ్చే ఆగస్టు సెమిస్టర్ దరఖాస్తులు నడిచే ఈ నెలల్లోనే. ఫీజు కట్టేశాక చెబితే ఆ తండ్రికి దానితో ఉపయోగం లేదు.