మీ పిల్లికో గడ్డికుండీ

కంచం నిండా చేపముక్కలు వేసినా మీ పిల్లి పెరట్లోకెళ్లి గడ్డి కొరుకుతోందా? జబ్బు చేసిందని కంగారు పడకండి. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో వెల్లడించిన సర్వేలో, గడ్డి తినే పిల్లుల్లో చాలావరకు అంతకుముందు హుషారుగానే ఉన్నాయని తేలింది. తిన్నాక కొన్ని కక్కుతాయి, అంతే.

చిక్కంతా అపార్ట్‌మెంట్లలోనే. గడ్డి దొరక్కపోతే పిల్లి కన్ను ఫ్లవర్‌వాజు మీద పడుతుంది. బొకేల్లో వచ్చే పెద్ద రేకుల ఆసియాటిక్, ఓరియంటల్ లిల్లీలు దానికి విషం. (మనం దండల్లో గుచ్చే లిల్లీ నేలసంపెంగ. అది వేరు.) ఆకు కొరికినా, ఒంటికంటిన పుప్పొడి నాకినా ఒకట్రెండు రోజుల్లోనే కిడ్నీలు దెబ్బతినవచ్చు. అనుమానం వస్తే తెల్లారేదాకా ఆగకుండా పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాల్సిందే.

అందుకే దానికంటూ ఓ గడ్డికుండీ పెట్టండి. మందు కలపని గోధుమలు గుప్పెడు తీసుకుని రాత్రంతా నానబెట్టండి. వెడల్పాటి కుండీలో చల్లి, పైన పలచగా మట్టి కప్పండి. రోజూ నీళ్లు చిలకరిస్తే వారం పది రోజుల్లో గడ్డి రెడీ.

మరి క్యాట్‌నిప్? అది పుదీనా కుటుంబానికి చెందిన మొక్క. ఆకలికి కాదు, ఆటకి. అందులోని నెపెటలాక్టోన్ వాసన తగిలితే పిల్లి నేలమీద పడి దొర్లుతుంది. పది నిమిషాల్లో మామూలైపోతుంది. అన్ని పిల్లులకూ ఈ మత్తు ఎక్కదు. మూణ్నెల్లలోపు కూనలైతే అసలు పట్టించుకోవు.

గడ్డికుండీ ఉంది కదా అని లిల్లీలను మాత్రం గడప దాటనివ్వకండి!