పెరటి ముచ్చట్లు: తల్లి లేని గుడ్లు

రెండు సంచికల క్రిందట యీ శీర్షికలో, బల్బు వేడితో యింట్లోనే కోడిగుడ్లు పొదిగించటం గురించి నాలుగు మాటలు వ్రాశాము. "పెట్టెలో వేడి 99.5 డిగ్రీలు వుండాలి" అని చెప్పి వూరుకున్నాము. ఆ మాట తప్పు కాదు గాని సగమే. సగం మాట యెంత చేటు చేస్తుందో హోసూరు ప్రాంతంనుండి ఒక సోదరి వ్రాసిన వుత్తరం చూచిన తరువాత మాకు తెలిసింది.

వారింట్లో అమ్మమ్మగారి కాలంనుండి వస్తున్న నాటుకోళ్ళ వంశం ఒకటి వుండేదట. మిగిలినది ఒకే పెట్ట. అది పదకొండు గుడ్లు పెట్టి, నేడో రేపో పొదుగుకు కూర్చుంటుందనగా, పట్టపగలే ముంగిస కొరికి చంపింది. పొదిగేందుకు వేరే పెట్ట లేదు. మా మాట నమ్మి ఆవిడ థర్మాకోలు పెట్టెలో గుడ్లు పేర్చి, మూతకు థర్మామీటరు వ్రేలాడదీసి, అది 99.5 దగ్గర నిలిచేటట్లు చూచుకొంటూ యిరవైనాలుగు రోజులు కాచుకున్నారు. ఒక్క పిల్ల రాలేదు. పగులగొట్టి చూస్తే కొన్నింటిలో పిల్ల పూర్తిగా తయారై చనిపోయి వున్నది. వుత్తరంలో మమ్ము పల్లెత్తు మాట అనలేదు. "మేము యెక్కడ పొరపాటు చేశామో చెప్పగలరా?" అని అడిగారు, అంతే. నాలుగు చీవాట్లు పెట్టినా యింత బాధ వుండేది కాదు.

పొరపాటు మాది. 99.5 డిగ్రీలు, అంటే సెంటీగ్రేడులో 37.5, ఫ్యాను తిరిగే పెట్టెకు చెప్పే లెక్క. ఫ్యాను గాలిని కలుపుతూ వుంటుంది గనుక పెట్టెలో పైనా క్రిందా ఒకటే వేడి. ఫ్యాను లేని పెట్టెలో వేడిగాలి పైకి చేరి మూత దగ్గరే నిలుస్తుంది, అడుగు చల్లగా వుంటుంది. మూత దగ్గర 99.5 చూపుతున్నదంటే గుడ్ల దగ్గర అంతకు చాలా తక్కువే వున్నదన్నమాట. అట్టి పెట్టెలో థర్మామీటరు గుడ్ల పైభాగంతో సమానమైన యెత్తులో పెట్టి, అక్కడ 101 నుండి 102 డిగ్రీలు వుండేటట్లు చూచుకోవాలి. పిల్ల మొదట గుడ్డులో పైకి తేలి పెరుగుతుంది. దానికి తగలవలసిన వేడి అదే. యీ సంగతి మాకు తెలియక కాదు, వ్రాయాలని తోచలేదు. తెలిసినవారు తెలియనివారికి చెప్పేటప్పుడు జరిగే లోపమే యిది.

యీసారి వ్రాసేముందు మేమే ఒక పెట్టె కట్టి, పది గుడ్లు పెట్టి చూచుకున్నాము. యిక్కడ మొదటి చిక్కు బల్బు. యిప్పటి ఎల్.ఇ.డి. బల్బులు వెలుగు యిస్తాయి గాని గుడ్లు పొదిగేందుకు పనికివచ్చే వేడి యివ్వవు. పాతకాలపు తీగ బల్బు, నలభై వాట్లది, వెదకి తెచ్చుకోవాలి. నాలుగు దుకాణాలు తిరిగాము. వేడి హద్దుకు రాగానే బల్బును ఆర్పి, తగ్గగానే వెలిగించే చిన్న పరికరం కొద్ది వందల రూపాయలకు దొరుకుతున్నది. దానికి డబ్బు వెనుకాడవద్దు. వేడి కొంచెం తగ్గితే పిల్ల ఆలస్యంగా వస్తుంది. 105 డిగ్రీలు కొద్దిసేపు నిలిచినా గుడ్లకు ముప్పే. కరెంటు ఒక గంట పోయినదని కంగారు పడనక్కరలేదు. పెట్ట కూడా రోజుకొకసారి లేచి, మేత తిని, మట్టిలో పొర్లాడి తిరిగి వస్తుంది గదా! పెట్టెమీద దుప్పటి కప్పి వుంచితే చాలు, గాలి కన్నాలు మాత్రం మూయవద్దు.

మా నాయనమ్మకు థర్మామీటరు లేదు. పెట్ట క్రిందినుండి గుడ్డు తీసి కనురెప్పకు ఆనించి, "బాగానే వున్నది" అనేది. ఆమె వింత అలవాటు అనుకునేవాళ్ళము. ఈజిప్టు దేశంలో తరతరాలుగా మట్టిపొయ్యిలలో వేలకొద్దీ గుడ్లు పొదిగించే పనివారు కూడా వేడిని కనురెప్పతోనే పరీక్షించేవారని తరువాత చదివి ఆశ్చర్యపోయాము. నాయనమ్మ గంపలో ఒక యినుపముక్క, ఒక బొగ్గు కూడా వేసేది, వురుములకు గుడ్లు చెడిపోకుండా. దాని సంగతి మేము మాట్లాడము.

ఒక సంగతి నామక్కల్ వైపు పాఠకులు తరచు అడుగుతున్నారు. అంగడి గుడ్లు పెడితే పిల్లలు వస్తాయా? రావు. ఆ ఫారములలో గుడ్లకోసం పెంచే పెట్టల మధ్య పుంజు వుండదు. యెన్ని రోజులు వేడి పెట్టినా అవి మురిగిపోవలసినవే. పుంజుతో తిరిగే పెట్టల గుడ్లే తేవాలి. వారం లోపలివైతే మంచిది. హోసూరు సోదరి గుడ్లలో మొదట పెట్టినవి కొన్ని పాతబడి కూడా వుండవచ్చు. గుడ్లు కూడబెట్టేటప్పుడు సన్నటి కొన క్రిందికి వుంచి, చల్లని చోట పెట్టాలి. కడుగవద్దు. పెంకుమీద కంటికి కనబడని పొర ఒకటి వుంటుంది, అది పోతే పెంకు రంధ్రాలలోనుండి క్రిములు లోనికి చేరుతాయి.

లెక్క సులభం. సోమవారం పెడితే మూడు వారాలకు సోమవారమే పిల్లలు. బాతుగుడ్లయితే నాలుగు వారాలు. మొదటి పదునెనిమిది రోజులు గుడ్లను రోజుకు మూడుసార్లో అయిదుసార్లో త్రిప్పాలి, లేకుంటే పిల్ల పెంకు లోపలి పొరకు అంటుకొనిపోతుంది. ఒక ప్రక్క పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటే యెటు త్రిప్పామో తెలుస్తుంది. బేసి సంఖ్య యెందుకంటే, రాత్రంతా కదలకుండా వుండే ప్రక్క రోజు మార్చి రోజు మారుతుంది. పదునెనిమిదో రోజు తరువాత త్రిప్పవద్దు.

తేమ విషయం వూరును బట్టి. పెట్టెలో గిన్నెతో నీళ్ళు వుంచాలి. మొదట తేమ నూటికి యాభై పాళ్ళు, చివరి మూడు రోజులు అరవైయైదు, డెబ్బై. బరంపురం, యానాం వంటి సముద్రపు గాలి తగిలే వూళ్ళలో చిన్న గిన్నె చాలవచ్చు. వేసవిలో షోలాపురం వారికి వెడల్పాటి పళ్ళెం కావాలి. నీళ్ళ మట్టుకన్నా వైశాల్యం ముఖ్యం.

యేడవ రోజు రాత్రి దీపాలు ఆర్పి, అట్టముక్కకు కన్నం చేసి, టార్చిలైటు వెలుగులో గుడ్లు చూచాము. ప్రాణమున్న గుడ్డులో సాలెపురుగు కాళ్ళవలె యెర్రని నరాలు కనబడతాయి. మా పదింటిలో ఒకటి వుత్తది. ఒకదానిలో నెత్తుటి వలయం మాత్రమే వున్నది, అంటే మొదట్లోనే చనిపోయినది. రెండూ తీసివేశాము. యింట్లో చిన్నవాడు, "పొదుగు అంటే ఆవుకు వుండేది గదా, కోడికి పొదుగేమిటి?" అని అడిగాడు. వాడికి బడి స్నేహితులు చెప్పిన 'అడై', 'కావు' తెలుసును గాని, పొదగటం అనే మన మాట తెలియదు. నవ్వామే గాని ఆ రాత్రి కొంచెం దిగులుగానే వున్నది.

యిరవయ్యో రోజు సాయంత్రం మొదటి గుడ్డుకు చిన్న నెఱ్ఱె పడ్డది. లోపలినుండి కిచకిచ. అప్పటినుండి పిల్ల బయటపడేందుకు పూర్తిగా ఒక రోజు పట్టవచ్చు. యీ వేళ మూత తెరవకూడదు, పిల్లకు సాయపడకూడదు. యీ మాట మేము వ్రాస్తున్నామే గాని పాటించలేదు. ఒక పిల్ల రాత్రంతా కష్టపడుతుంటే చూడలేక పెంకు కొంత వొలిచాము. వెంటనే నెత్తురు వచ్చింది. లోపలి పొరలోని రక్తనాళాలు యింకా యెండలేదు. ఆ పిల్ల బ్రతుకలేదు. మరొక గుడ్డు అసలు పగలనే లేదు. ఆరు పిల్లలు దక్కినవి.

పిల్లలు ఆరేవరకు పెట్టెలోనే వుండవచ్చు, ఆకలికి తొందరలేదు. పుట్టేముందు సొన కడుపులోకి తీసుకొని వస్తాయి గనుక ఒకటి రెండు రోజులు దానితోనే గడుపగలవు. మొదటి వారం 95 డిగ్రీల వెచ్చదనం, ఆపైన వారానికి అయిదు డిగ్రీల చొప్పున తగ్గింపు. వారం తిరిగేలోగా కొక్కెర తెగులుకు చుక్కల మందు వేయించండి, పశువైద్యశాలలో అడిగితే చెప్పుతారు.

హోసూరు సోదరికి యివన్నీ వివరంగా వ్రాసి పంపాము. అదృష్టవశాత్తు అమ్మమ్మగారి కోళ్ళ వంశం పెట్ట ఒకటి దెంకణికోటలో ఆవిడ వదినగారింట వున్నదట. అక్కడినుండి తొమ్మిది గుడ్లు వచ్చినవి. యేడవ రోజు చూస్తే యెనిమిదింటిలో నరాలు కనబడినవి. యీ శీర్షిక వ్రాస్తున్న నాటికి పదహారో రోజు. ఎల్లుండినుండి త్రిప్పవద్దని జ్ఞాపకం చేద్దామని ఫోను చేశాము. "తెలుసునండీ, గోడమీద వ్రాసిపెట్టుకున్నాను" అన్నారు.